కంఠస్థమైన ఎత్తు జ్ఞానమేనా?

చదరంగంలో మొదటి పది పన్నెండు ఎత్తుల దశను ఓపెనింగ్ అంటారు. పావులను ఏ వరుసలో బయటికి తేవాలి, ఏ బంటును ఎన్ని గళ్ళు జరపాలి అన్న విషయాలను శతాబ్దాలుగా ఆటగాళ్ళు పరిశీలించి, ఒక్కొక్క క్రమానికి ఒక్కొక్క పేరు పెట్టి గ్రంథస్థం చేస్తూ వచ్చారు. స్పెయిన్ దేశపు క్రైస్తవ మతాచార్యుడు రూయ్ లోపెజ్ 1561లో చదరంగంపై ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన పేరుతో పిలిచే ఓపెనింగ్ నేటికీ ప్రపంచ స్థాయి పోటీల్లో కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ జ్ఞానరాశినంతా ఐదు సంపుటాల విజ్ఞాన సర్వస్వంగా కూర్చినవారు దాన్ని 500 విభాగాలుగా పంచవలసి వచ్చింది. ఆటలో అడుగుపెట్టిన కొత్తవాడు ఈ రాశి ముందు నిలబడి, ఇందులో ఎంత కంఠస్థం చేయాలి అని అడగడం సహజమే. పైకి అభ్యాస పద్ధతికి సంబంధించినదిగా కనిపించే ఈ ప్రశ్న అడుగున భారతీయ దర్శనాలు చాలా కాలం వాదించుకున్న ప్రశ్న ఒకటి ఉంది: ఇతరులు కనుగొని చెప్పిన విషయాన్ని మాటగా గ్రహించి, జ్ఞాపకం పెట్టుకుని, అవసరమైనప్పుడు తిరిగి అప్పజెప్పగలిగినవాడికి ఆ విషయం తెలిసినట్టేనా?

న్యాయ దర్శనం ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం కొంత కఠినమైనది. తెలుగువాడిగా ప్రసిద్ధికెక్కిన పదిహేడో శతాబ్దపు పండితుడు అన్నంభట్టు, తర్కశాస్త్రంలో ప్రవేశించేవారి కోసం రచించిన తర్కసంగ్రహంలో, జ్ఞానాన్ని స్మృతి అనీ అనుభవం అనీ రెండుగా విభజించాడు. పూర్వం కలిగిన అనుభవం మనసులో వదిలిన ముద్రను సంస్కారం అంటారు. కేవలం ఆ సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి. అది కానిదంతా అనుభవం. వస్తువు ఎలా ఉందో అలాగే గ్రహించిన అనుభవాన్ని ప్రమ అనీ, దాన్ని కలిగించే సాధనాన్ని ప్రమాణం అనీ వ్యవహరిస్తారు. ఇక్కడ గమనించవలసినది ఏమంటే, స్మృతికి ప్రమ హోదా దక్కలేదు. అది కొత్తగా దేన్నీ తెలియజేయదు. తనకు మూలమైన అనుభవం సరైనదైతే తానూ సరైనదవుతుంది, అది తప్పైతే తానూ తప్పవుతుంది. అంటే స్మృతి విలువ ఎప్పుడూ అరువు విలువే.

ఈ విభజనను చదరంగపు బల్ల దగ్గరికి తెస్తే ఒక ఇబ్బందికరమైన విషయం బయటపడుతుంది. ఒక ఓపెనింగులోని పదిహేను ఎత్తులను వరుసగా వల్లించిన అభ్యాసకుడిలో ఉన్న స్మృతికి మూలమైన అనుభవం ఏది? ఆ ఎత్తులను కనుగొన్నవాడికి ఆ స్థితి అనుభవమైంది. అక్కడ ఏ పావు దేనిపై గురిపెట్టిందో, ఏ గడి బలహీనపడిందో అతడు కళ్ళారా చూశాడు. వల్లించినవాడికి అనుభవమైనది పుస్తకంలోని అచ్చు మాత్రమే. అతడి స్మృతి ఎత్తుల పేర్లను గురించినదే కాని, ఎత్తులను గురించినది కాదు. ఓపెనింగ్ తెలుసు అనే మాటలో ఈ రెండూ కలిసిపోవడం వల్లనే కొత్తవారిలో చాలామంది పుస్తకంలో చూపిన దారి ముగిసిన మరుక్షణం దిక్కుతోచక నిలిచిపోతారు.

ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూడవచ్చు. పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ ఆటగాడు పెట్రోవ్ పేరుతో ఒక రక్షణ ఉంది. తెలుపు తన రాజు ముందున్న బంటును రెండు గళ్ళు జరుపుతుంది, నలుపూ అదే చేస్తుంది. తెలుపు తన రాజు పక్కనున్న గుర్రాన్ని బయటికి తెచ్చి నలుపు బంటుపై గురిపెడుతుంది. నలుపు తన బంటును కాపాడుకోకుండా, తానూ అలాగే గుర్రాన్ని తెచ్చి తెలుపు బంటుపై గురిపెడుతుంది. ఇప్పుడు తెలుపు గుర్రం నలుపు బంటును చంపింది అనుకుందాం. పుస్తకం చెప్పే ప్రకారం నలుపు మొదట తన మంత్రి ముందున్న బంటును ఒక గడి జరిపి, ఆ తెలుపు గుర్రాన్ని వెనక్కి తోలి, ఆ తర్వాతే తెలుపు బంటును చంపాలి. ఈ రెండు ఎత్తులనూ జ్ఞాపకం పెట్టుకుని, వాటి వరుసకు కారణం తెలియని వాడు తొందరపడి ముందే బంటును చంపితే, తెలుపు మంత్రి ఒక గడి జరిగి తన రాజు ముందు నిలబడి, రాజుల వరుసలో నేరుగా నలుపు గుర్రంపైకి గురిపెడుతుంది. గుర్రానికి ఆపద వచ్చిందని నలుపు దాన్ని వెనక్కి తీసుకుంటే తెలుపు గుర్రం పక్కకు దూకుతుంది. దూకడంతో దారి తెరుచుకుని తెలుపు మంత్రి నలుపు రాజుకు చెక్ ఇస్తుంది, దూకిన గుర్రం నలుపు మంత్రిపై గురిపెట్టి ఉంటుంది. రాజును కాపాడుకోక తప్పదు కనుక మంత్రి పోతుంది. జ్ఞాపకంలో ఉన్న రెండు ఎత్తులూ సరైనవే, తారుమారైనది వాటి క్రమం ఒక్కటే. రాజుల వరుస తెరుచుకుని ఉన్నంతసేపు ఆ తెలుపు గుర్రం అక్కడ ఉండనివ్వకూడదు అన్న ఒక్క కారణం తెలిసినవాడికి ఆ క్రమాన్ని విడిగా గుర్తుపెట్టుకోవలసిన పనే ఉండదు.

అయితే ఇంతమాత్రాన పుస్తకాన్ని పక్కన పెట్టి, ప్రతి ఎత్తునూ స్వంత బుద్ధితోనే కనుగొనాలి అనడం తొందరపాటు అవుతుంది. మొదటి ఎత్తుగా తెలుపు ముందున్న అవకాశాలు 20. నలుపు జవాబుకూ 20. కాబట్టి చెరొక ఎత్తు పూర్తయ్యేసరికి 400 రకాల ఆటలు సాధ్యం. చెరి రెండు ఎత్తులు పూర్తయ్యేసరికి ఆ సంఖ్య 1,97,281కి చేరుతుంది. 2017లో ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ వ్యవస్థకు దాని నిర్మాతలు ఆట నియమాలు తప్ప మరేమీ చెప్పలేదు. మానవులు కూర్చిన ఓపెనింగుల జ్ఞానం దానికి అందలేదు. తనతో తానే ఆడుకుంటూ అది మానవులు వందల ఏళ్ళుగా ఆడుతున్న ఓపెనింగులలో చాలావాటిని తిరిగి కనుగొన్నది. ఓపెనింగులు ఎవరో పెట్టిన ఆచారాలు మాత్రమే కావనీ, ఆట స్వభావంలోనే వాటికి ఆధారం ఉందనీ చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. కాని ఆ ఫలితానికి దానికి కోట్ల కొద్దీ ఆటలు కావలసి వచ్చాయి. మనిషికి అంత ఆయుష్షు లేదు కనుక, ముందుగా నడిచినవాడి మాట వినక తప్పదు.

ఈ వినడాన్నే దర్శనాలు శబ్ద ప్రమాణం అన్నాయి. దీన్ని అన్ని దర్శనాలూ ఒప్పుకోలేదు. కంటికి కనిపించేదే ప్రమాణమన్న చార్వాకులు దీన్ని పూర్తిగా తోసిపుచ్చారు; వైశేషికులు, బౌద్ధ తార్కికులు ఇది వేరే ప్రమాణం కాదనీ, చెప్పేవాడి విశ్వసనీయతను బట్టి మనం చేసుకునే అనుమానం మాత్రమేననీ వాదించారు. అనుమానం అంటే ఇక్కడ సందేహం కాదు, పొగను చూసి నిప్పును ఊహించడం వంటి హేతుబద్ధమైన నిర్ణయం. నైయాయికులు మాత్రం శబ్దాన్ని ప్రత్యేక ప్రమాణంగా నిలబెడుతూ, అందుకు చెప్పేవాడు ఆప్తుడై ఉండాలన్న షరతు పెట్టారు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు తెలియజేయాలనే కోరిక గలవాడు ఆప్తుడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని ప్రత్యేకించి చెప్పడం ఆయన ఔదార్యానికి గుర్తుగా మిగిలింది. ఆ లెక్కన రూయ్ లోపెజ్‌ను ఆప్తుడిగా అంగీకరించడానికి ఆయన మతం కాని దేశం కాని అడ్డురావు.

ఆప్తుడి మాట కూడా ఏ రూపంలో ఉన్నా అర్థాన్ని ఇవ్వదు. వాక్యం నుంచి అర్థం పుట్టడానికి మూడు కారణాలు అవసరమని నైయాయికులు నిర్ణయించారు. ఒక పదం మరో పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అంటూ ఎన్ని పదాలు పేర్చినా ఒకదాన్నొకటి కోరవు కనుక అవి వాక్యం కాలేవు. పదాల అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత. నిప్పుతో తడపమంటే మాటలు కలుస్తాయి కాని అర్థం కలవదు. పదాలను ఎడం లేకుండా పలకడం సన్నిధి. ఓపెనింగుకు ఈ మూడింటినీ అన్వయించి చూస్తే, కొత్తవాడు దేన్ని నేర్చుకోవాలో దానంతట అదే తేలిపోతుంది. ఎత్తుల వరుసలో ప్రతి ఎత్తూ తర్వాతి ఎత్తును ఎందుకు కోరుతోందో కనిపించినప్పుడే ఆ వరుస వాక్యమవుతుంది. కనిపించనప్పుడు అది పేర్చిన పదాల కుప్ప.

ఇటాలియన్ ఆట అని పిలిచే ఓపెనింగ్ కొత్తవారికి ఇప్పటికీ తగినదిగా ఉండడానికి కారణం ఇదే. తెలుపు రాజు ముందున్న బంటును రెండు గళ్ళు జరుపుతుంది. దానివల్ల బల్ల మధ్యలో ఒక గడి దక్కుతుంది, మంత్రికీ రాజు వైపు శకటుకూ దారి తెరుచుకుంటుంది. నలుపూ అలాగే చేస్తే, తెలుపు రాజు వైపు గుర్రాన్ని బయటికి తెచ్చి ఆ మధ్య బంటుపై గురిపెడుతుంది. నలుపు తన మంత్రి వైపు గుర్రాన్ని తెచ్చి బంటును కాపాడుతుంది. అప్పుడు తెలుపు శకటును మూడు గళ్ళ దూరం పంపి, నలుపు రాజు ఒక్కటే కాపలా కాస్తున్న బంటు వైపు చూసేలా నిలుపుతుంది. ఆ గడిని ఆటగాళ్ళు ఎఫ్7 అంటారు, ఆట ఆరంభంలో నలుపు సైన్యంలో అన్నింటికంటే బలహీనమైన చోటు అదే. తర్వాత తెలుపు రాజూ ఏనుగూ ఒకేసారి కదిలి రాజు మూలకు చేరే క్యాస్లింగుకు దారి సిద్ధమై ఉంటుంది. తెలుపు వేసిన ఈ మూడు ఎత్తుల్లో ఏ ఒక్కదానికైనా ఎందుకు అని అడిగితే పదేళ్ళ పిల్లవాడు కూడా జవాబు చెప్పగలడు. కొన్ని ఆధునిక రక్షణలలో బంటును ముందుకు జరపడానికి కారణం పన్నెండు ఎత్తుల తర్వాత గాని బయటపడదు; అక్కడ ఆకాంక్ష ఉన్నా, దాన్ని గ్రహించే శక్తి కొత్తవాడికి ఇంకా రాలేదు. అలాంటి వాటిని ఇప్పటికి వదిలేయడమే మేలు.

ఇక్కడ ఒక పూర్వపక్షం లేవనెత్తవచ్చు. ఈ దేశంలో విద్య ఎప్పుడూ కంఠస్థంతోనే మొదలైంది కదా. వేదాధ్యయనంలో శిష్యుడు మొదట స్వరంతో సహా పాఠాన్ని వల్లిస్తాడు, అర్థ విచారణ తర్వాత వస్తుంది. అలాగే ఓపెనింగులను కూడా ముందు వల్లించి, అర్థాన్ని కాలానికి వదిలితే తప్పేమిటి? ఈ వాదంలో బలం లేకపోలేదు. అయితే వేదపాఠంలో అక్షరం మారకుండా నిలవడమే ఒక ప్రయోజనం. ఒక్క స్వరం తప్పినా పాఠం చెడినట్టే. పైగా అక్కడ కూడా భాట్ట మీమాంసకులు అధ్యయనానికి ఫలం అర్థజ్ఞానమేనని తేల్చి చెప్పారు కాని, ఉచ్చారణ దగ్గర ఆగలేదు. చదరంగంలోనైతే పాఠాన్ని కాపాడే బాధ్యత ఎవరిపైనా లేదు, ఎదుటివాడు ఆ పాఠాన్ని తప్పించడానికే కూర్చున్నాడు. మూడో ఎత్తులోనే అతడు పుస్తకంలో లేని దారి పట్టవచ్చు. కొత్తవారి మధ్య జరిగే ఆటల్లో తరచుగా జరిగేది అదే. కాబట్టి వేదాధ్యయనపు దృష్టాంతం ఇక్కడ సరిపోదు.

న్యూయార్క్‌లో 1918లో జరిగిన ఒక ఆట ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. అమెరికా ఆటగాడు ఫ్రాంక్ మార్షల్ రూయ్ లోపెజ్ ఓపెనింగులో నలుపు తరఫున ఒక బంటును బలిపెట్టి దాడికి దిగే కొత్త పద్ధతిని ముందే తయారుచేసుకుని, క్యూబాకు చెందిన కాపాబ్లాంకాపై ప్రయోగించాడు. కాపాబ్లాంకాకు ఆ దాడి గురించి ఏ పుస్తకమూ చెప్పలేదు. బల్ల దగ్గరే ఆలోచించి, ఒక్కొక్క బెదిరింపుకూ విరుగుడు వెతికి, 36 ఎత్తుల్లో ఆట గెలిచాడు. మార్షల్ కనిపెట్టిన దాడి నిజంగా బలమైనదే. నేటికీ అగ్రశ్రేణి ఆటగాళ్ళు దాన్ని నమ్ముకుంటున్నారు. ఓడినది ఆ దాడి కాదు. ముందుగా సిద్ధం చేసుకున్నదానికీ అక్కడికక్కడ గ్రహించినదానికీ జరిగిన పోటీలో ఆ రోజున రెండోది గెలిచింది.

ఆ కాపాబ్లాంకానే 1930-31 హేస్టింగ్స్ పోటీలో ఓడించిన మీర్ సుల్తాన్ ఖాన్ కథ మరింత విచిత్రమైనది. పంజాబ్‌కు చెందిన ఆయన నేర్చుకున్నది సంప్రదాయ భారతీయ చదరంగం. అందులో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే జరుగుతుంది, కాబట్టి యూరప్ ఓపెనింగులకు అక్కడ చోటు లేదు. 1929లో ఇంగ్లండ్ వెళ్ళిన ఆయన ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు, 1932లోనూ 1933లోనూ మళ్ళీ గెలిచాడు. ఓపెనింగుల చదువు దాదాపు లేకుండా ఇంత సాధించినవాడు మరొకడు కనిపించడు. అయితే ఈ ఉదాహరణను అతిగా వాడుకోకూడదు. ఆరంభంలో ఆయన తరచుగా ఇబ్బందుల్లో పడేవాడు, వాటి నుంచి బయటపడడానికి అసాధారణమైన ప్రతిభ ఖర్చు చేయవలసి వచ్చేది. అందరికీ ఆ ప్రతిభ ఉండదు కనుక, ఓపెనింగుల అజ్ఞానాన్ని ఆదర్శంగా ప్రచారం చేయడం అమాయకత్వమే అవుతుంది. ఆయన ఆటల నుంచి గ్రహించవలసినది పరిమితమైనది: ఓపెనింగ్ తెలియకపోవడం నష్టమే, కాని ఆట తెలియకపోవడమంత నష్టం కాదు.

వల్లించడం మానుకుని సూత్రాలను నేర్చుకోవాలన్న సలహా సాధారణంగా ఇక్కడ వినిపిస్తుంది. మధ్య గళ్ళను పట్టుకో, పావులను త్వరగా బయటికి తే, ఒకే పావును రెండుసార్లు కదపకు, మంత్రిని తొందరగా బయటపెట్టకు, రాజును భద్రపరచు అనే ఈ సూత్రాలు మంచివే. కాని సూత్రాన్నీ కారణం లేకుండా వల్లిస్తే అదీ స్మృతిగానే మిగులుతుంది. ఈ సంగతిని సలహా ఇచ్చేవారు తరచుగా మరిచిపోతారు. తార్కికులు రెండు విషయాలు ఎప్పుడూ కలిసి ఉండే నియమాన్ని వ్యాప్తి అంటారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది అనేది సరైన వ్యాప్తి. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుంది అనేది దోషమున్న వ్యాప్తి, ఎందుకంటే పొగ రావాలంటే కట్టెలు తడిగా ఉండాలి. ఇలా పైకి కనిపించకుండా నియమాన్ని నియంత్రించే షరతును ఉపాధి అంటారు. చదరంగపు సూత్రాలన్నీ ఉపాధితో కూడినవే. ఇటాలియన్ ఆటలో నలుపు మూడో ఎత్తుగా రెండో గుర్రాన్ని బయటికి తెస్తే, తెలుపు తన గుర్రాన్నే రెండోసారి కదిపి శకటుతో కలిసి ఎఫ్7 బంటుపై దాడి చేయవచ్చు. ఒకే పావును రెండుసార్లు కదపకూడదన్న సూత్రం ఇక్కడ ఓడింది. ఆ సూత్రానికి ఆధారం సమయం వృథా కాకూడదన్నది, బలహీనమైన చోటు వెంటనే దొరికినప్పుడు సమయం వృథా కాదు.

సూత్రాలపై ఈ వివాదం చదరంగ చరిత్రలో ఒక పెద్ద మలుపుకే కారణమైంది. జర్మనీకి చెందిన టారాష్ మధ్య గళ్ళను బంటులతో ఆక్రమించడాన్ని దాదాపు శాసనంగా బోధించాడు. 1925లో తన సిద్ధాంత గ్రంథాన్ని వెలువరించిన నిమ్జోవిచ్, ఆయన సమకాలికుడు రేతీ మధ్య గళ్ళను ఆక్రమించకుండానే దూరం నుంచి పావులతో అదుపు చేయవచ్చనీ, ఎదుటివాడు అక్కడ నిలిపిన బంటులే అతడికి భారమవుతాయనీ చూపించారు. టారాష్ తప్పు చెప్పలేదు. తన వ్యాప్తికి ఉపాధి ఉందని ఒప్పుకోలేదు. కొత్తవాడికి మాత్రం నిమ్జోవిచ్ కంటే ముందు టారాషే కావాలి, ఎందుకంటే నియమం తెలియనివాడికి మినహాయింపు మినహాయింపుగా కనిపించదు.

బాబీ ఫిషర్ 1996లో ప్రకటించిన చదరంగ రూపం ఈ విచారణకు మంచి పరీక్ష. అందులో వెనుక వరుస పావుల అమరికను చీటీ వేసి నిర్ణయిస్తారు. 960 అమరికలు సాధ్యం. కంఠస్థమైన ఎత్తులకు అక్కడ ప్రయోజనమే లేదు. ఆ అమరికలో కూర్చోబెట్టిన తర్వాత అభ్యాసకుడి దగ్గర ఏది మిగులుతుందో అదే అతడి జ్ఞానం, ఏది జారిపోతుందో అది అతడి స్మృతి. ఓపెనింగులు నేర్చుకుంటున్నవారు అప్పుడప్పుడూ ఈ రూపంలో ఒక ఆట ఆడి చూసుకోవడం మంచిది.

చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు ఈ కాలపు ఆప్తులని చాలామంది భావిస్తున్నారు. స్థితిని చూపగానే అవి ఏ ఎత్తు మంచిదో, ఏ పక్షం ఎంత మెరుగ్గా ఉందో ఒక అంకెతో తెలియజేస్తాయి. వాటి నిర్ణయం మానవులందరి నిర్ణయం కంటే నమ్మదగినదే. కాని కారణాన్ని చెప్పాలన్న కోరిక యంత్రానికి ఉండదు, కనుక నైయాయికుల నిర్వచనంలో సగం మాత్రమే దానికి అన్వయిస్తుంది. ఆ అంకెను చూసి ఎత్తు మార్చుకున్న అభ్యాసకుడు ఒక తప్పును దిద్దుకున్నాడు, తప్పు ఎందుకైందో తెలుసుకోలేదు. ముందుగా స్వంతంగా కారణం వెతికి, ఆ తర్వాత యంత్రాన్ని అడిగితే దాని మాట ఉపయోగపడుతుంది. వరుస తారుమారైతే పెట్రోవ్ రక్షణలో జరిగినట్టే జరుగుతుంది.

వేదాంతులు ఆత్మజ్ఞానానికి శ్రవణం, మననం, నిదిధ్యాసనం అనే మూడు మెట్లు చెప్పారు. గురువు మాట వినడం మొదటిది, దాన్ని యుక్తితో తరచి సందేహాలు తీర్చుకోవడం రెండోది, తేలిన విషయంలో మనసును ఎడతెగకుండా నిలపడం మూడోది. మోక్షానికి చెప్పినదాన్ని ఆటకు వాడడం కొందరికి చనువుగా తోచవచ్చు. క్రమం మాత్రం ఇక్కడా అదే. తెలుపుతో ఒక ఓపెనింగ్, నలుపుతో రాజు బంటుకు ఒక జవాబు, మంత్రి బంటుకు ఒక జవాబు ఎంచుకుని, ఒక్కొక్కదానిలో ఆరేడు ఎత్తులు మాత్రమే విని, ప్రతి ఎత్తుకూ కారణాన్ని స్వంత మాటల్లో చెప్పుకుని, ఆపైన ఎక్కువ ఆటలు ఆడి, ప్రతి ఆటలోనూ తెలిసిన దారి ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి మళ్ళీ పరిశీలిస్తే కొత్తవాడికి ఓపెనింగుల చదువు చాలినంత అవుతుంది. మిగిలిన సమయాన్ని ముగింపు ఆటలకు, అంటే కొద్ది పావులే మిగిలిన స్థితులకు ఇవ్వాలి. అక్కడ వల్లించడానికి తక్కువ, చూడడానికి ఎక్కువ ఉంటుంది. ఈ వరుసను కాపాబ్లాంకా ఎప్పుడో పాటించాడు. 1921లో కొత్తవారి కోసం ఆయన వెలువరించిన పుస్తకం ఒక ఏనుగు, ఒక రాజు కలిసి ఒంటరి రాజుకు ఆటకట్టు చేయడంతో మొదలవుతుంది. ఓపెనింగుల ప్రస్తావన దాని తర్వాత చాలా పేజీలకు గాని రాదు.